క్లినికల్ సైకాలజీలో డాక్టరేట్: బెంగళూరులో ఏ దారి ఎవరికి?

ఏటా ఎంఎస్సీ రిజల్ట్స్ వచ్చిన వారం నుంచి నాకు ఫోన్లు మొదలవుతాయి. అనంతపురం నుంచి, మదనపల్లె నుంచి, ఇక్కడే బీటీఎం లేఔట్ పీజీ హాస్టళ్ల నుంచి. "అక్కా, క్లినికల్ సైకాలజీలో పీహెచ్‌డీ చేద్దామనుకుంటున్నా. నిమ్హాన్స్‌కి ట్రై చేయనా, ఏదైనా ప్రైవేట్ యూనివర్సిటీలో చేరిపోనా?" అని అడుగుతారు. నిమ్హాన్స్ అంటే బెంగళూరులోని కేంద్రప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థ. నేను జవాబు చెప్పకుండా ఎదురు ప్రశ్న వేస్తాను. "రేపు నీ గదిలోకి పేషెంట్లు రావాలా, అక్కర్లేదా?"

"రావాలి కదక్కా, అందుకేగా డాక్టరేట్" అంటారు చాలామంది. చిక్కంతా ఆ "అందుకేగా" దగ్గరే ఉంది.

మన దేశంలో పీహెచ్‌డీ వేరు, పేషెంట్లను చూసే అర్హత వేరు. పీహెచ్‌డీ యూనివర్సిటీ ఇస్తుంది. క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేసే అర్హత మాత్రం రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే అందరూ ఆర్‌సీఐ అనే సంస్థ, తన రిజిస్టర్‌లో పేరు ఎక్కించుకుంటేనే వస్తుంది. 1992లో వచ్చిన ఆర్‌సీఐ చట్టం ప్రకారం ఆ రిజిస్టర్‌లో లేనివాళ్లు ప్రాక్టీస్ చేస్తే ఏడాది దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. వెయ్యే కదా అని నవ్వుతారు మా జూనియర్లు. జైలు మాట మాత్రం ఎవరూ చదవరు. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం కూడా క్లినికల్ సైకాలజిస్టు ఎవరో చెప్పేటప్పుడు ఆర్‌సీఐ గుర్తించిన అర్హతనే చూస్తుంది, లేదంటే పర్యవేక్షణలో క్లినికల్ ట్రైనింగ్ ఉన్న రెండేళ్ల ఫుల్‌టైం ఎం.ఫిల్‌ను. ఉత్త పీహెచ్‌డీ ఆ నిర్వచనంలో ఎక్కడా లేదు.

ఇది నాకు పుస్తకంలో చదివితే తెలిసిన విషయం కాదు. నాతో ఎంఎస్సీ చదివిన అమ్మాయి నేరుగా పీహెచ్‌డీలో చేరింది. ఐదేళ్లు కష్టపడి మంచి థీసిస్ రాసింది, ఊళ్లో సన్మానం కూడా చేశారు. బెంగళూరులో ఒక ఆసుపత్రి ఇంటర్వ్యూలో హెచ్‌ఆర్ వాళ్లు అడిగిన మొదటి మాట "సీఆర్‌ఆర్ నంబర్ చెప్పండి" అని. సీఆర్‌ఆర్ అంటే ఆర్‌సీఐ రిజిస్టర్. నంబర్ లేదు, ఉద్యోగం లేదు. పేరు ముందు డాక్టర్ పెట్టుకుని, తనకంటే ఐదారేళ్లు చిన్నవాళ్ల పక్కన కూర్చుని ఎం.ఫిల్ ఎంట్రన్స్ రాసింది. పాసైంది, ఇప్పుడు బాగానే ఉంది. కానీ ఆ ఐదేళ్లు ముందుది వెనక, వెనకది ముందు అయ్యాయి.

ముందు లైసెన్సు వైపు చూద్దాం

చాలాకాలంగా ఆ అర్హతకు రాజమార్గం రెండేళ్ల ఎం.ఫిల్ క్లినికల్ సైకాలజీ. దీని పుట్టిల్లు బెంగళూరే. హోసూరు రోడ్డులో ఇప్పుడు నిమ్హాన్స్ ఉన్నచోట 1954లో ఆల్ ఇండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్ మొదలైంది. మెడికల్ అండ్ సోషల్ సైకాలజీ డిప్లొమా అక్కడే పుట్టింది, తర్వాత అదే ఎం.ఫిల్ అయింది. పాత మెంటల్ హాస్పిటల్‌నూ ఆ ఇన్‌స్టిట్యూట్‌నూ కలిపి 1974లో నిమ్హాన్స్ చేశారు.

ఎం.ఫిల్‌లో ఏం నేర్పుతారో బయటివాళ్లకు తెలియదు. పుస్తకం చదువు తక్కువ, వార్డు పని ఎక్కువ. పొద్దున్నే ఓపీడీలో కేసు హిస్టరీ తీయాలి. బినే కామత్‌తో ఐక్యూ చూడాలి, రోర్షాక్ మచ్చల కార్డులు పెట్టి గంటన్నర కూర్చోవాలి, సాయంత్రం దాన్ని స్కోర్ చేసి రిపోర్ట్ రాయాలి. రాసినదాన్ని సీనియర్ ఎర్రపెన్నుతో సగం కొట్టేస్తే మళ్లీ రాయాలి. ఒక కుర్రాడు చచ్చిపోతానంటే ఏం మాట్లాడాలో, ఏం మాట్లాడకూడదో పక్కన ఒకరు కూర్చుని సరిదిద్దుతుంటే తప్ప రాదు. పీహెచ్‌డీలో ఇది దొరకదు. ఎంత పేరున్న చోట చేసినా పీహెచ్‌డీ నేర్పేది ఒక ప్రశ్నను పట్టుకుని దాని అంతు చూడటం.

కాకపోతే ఈ రాజమార్గం ఇప్పుడు మరమ్మతుల్లో ఉంది. కొత్త విద్యావిధానంతో, యూనివర్సిటీలకు నియమాలు పెట్టే యూజీసీ ఎం.ఫిల్‌ను మొత్తంగా ఎత్తేసింది. క్లినికల్ సైకాలజీ, సైకియాట్రిక్ సోషల్ వర్క్ ఎం.ఫిల్‌లకు మాత్రం 2025-26 విద్యాసంవత్సరం దాకా మినహాయింపు ఇస్తున్నట్టు 2024 జనవరిలో చెప్పింది. అందుకని మూడేళ్ల కిందట సీనియర్ చెప్పిన మాట పట్టుకుని ప్లాన్ వేసుకోకండి. మీరు చేరే సంవత్సరానికి, మీరు చేరే కాలేజీకి, మీరు చేరే కోర్సు పేరుకు ఆర్‌సీఐ అనుమతి ఉందో లేదో ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లోని లిస్టులో మీ కళ్లతో చూసుకోండి. ఈ మూడింట్లో ఒక్కటి తేడా వచ్చినా రేపు రిజిస్ట్రేషన్ దగ్గర ఆగిపోతారు. "అప్రూవల్ ప్రాసెస్‌లో ఉంది మేడమ్" అని అడ్మిషన్ కౌంటర్‌లో చెబితే, ఆ ప్రాసెస్ అయ్యాకే ఫీజు కడతానని చెప్పి బయటికి రండి.

డాక్టరేటూ కావాలి, లైసెన్సూ కావాలి, రెండూ ఒకే దెబ్బకు రావాలి అనేవాళ్ల కోసం ఆర్‌సీఐ తయారు చేసిన కోర్సు సై.డి., అంటే డాక్టర్ ఆఫ్ సైకాలజీ. నాలుగేళ్ల ఫుల్‌టైం, ప్రాక్టీసు మీదే దృష్టి, థీసిస్ కూడా ఉంటుంది. కాగితం మీద చూస్తే నాకు ఇదే అన్నిటికన్నా సబబుగా అనిపిస్తుంది. కానీ మన దేశంలో దీన్ని నడిపే కాలేజీలు బాగా తక్కువ, సీట్లు అంతకంటే తక్కువ. పైన చెప్పిన లిస్టు చూడటం ఇక్కడ ఇంకా ముఖ్యం.

అసలు పీహెచ్‌డీ అక్కర్లేనివాళ్లు కూడా ఉంటారు. కాలేజీలో పాఠాలు చెప్పడమే మీ కోరిక అయితే, అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగానికి 2023 జులై నుంచి యూజీసీ నిబంధనల్లో పీహెచ్‌డీ తప్పనిసరి కాదు, నెట్ గానీ సెట్ గానీ (జాతీయ, రాష్ట్ర స్థాయి అర్హత పరీక్షలు) పాసైతే చాలు. పీహెచ్‌డీ పై మెట్ల కోసం. ఇక "పెళ్లి సంబంధాల్లో డాక్టర్ అని చెప్పుకోవచ్చు" అనే కారణం నాకు నిజంగానే ఒక తండ్రిగారు చెప్పారు. ఆయనకు నేను చెప్పింది ఒకటే. మందుల చీటీ రాయని డాక్టర్ని మన చుట్టాలకు అర్థం చేయించడానికి థీసిస్ కంటే ఎక్కువ టైం పడుతుంది.

ఇప్పుడు పీహెచ్‌డీ: ఎక్కడ?

లైసెన్సు చేతికొచ్చింది, లేదా పరిశోధనే మీ జీవితం అని తేల్చుకున్నారు అనుకుందాం. బెంగళూరులో మీ ముందు మూడు రకాల గుమ్మాలు ఉంటాయి. ఒకటి నిమ్హాన్స్. రెండోది జ్ఞానభారతిలోని బెంగళూరు యూనివర్సిటీ సైకాలజీ విభాగం లాంటి ప్రభుత్వ విభాగాలు. మూడోది క్రైస్ట్, జైన్ లాంటి డీమ్డ్ యూనివర్సిటీలు.

అందరూ వీటిని పేరును బట్టి, ఫీజును బట్టి పోలుస్తారు. నేను ముందు చూసేది శాంపిల్. మీకు కావాల్సిన పేషెంట్లు మీకు దొరుకుతారా అన్నది. ఓసీడీ (వదలని ఆలోచనలతో చేసిందే చేసే జబ్బు) ఉన్న అరవై మందికి ఏదో ఒక థెరపీ ఇచ్చి ఫలితం చూడాలనుకున్నారు. నిమ్హాన్స్‌లో ఓసీడీకి విడిగా క్లినిక్ ఉంది. డయాగ్నోసిస్ సైకియాట్రిస్టులు చేస్తారు, ఫాలో-అప్‌కి పేషెంట్లే వస్తారు, పరిశోధనకు అనుమతి ఇచ్చే ఎథిక్స్ కమిటీ అదే ప్రాంగణంలో ఉంటుంది. అదే ప్రశ్నతో మీరు ఆసుపత్రి లేని యూనివర్సిటీలో చేరితే, మొదట మీ యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీ, తర్వాత ఆసుపత్రి ఎథిక్స్ కమిటీ, ఆపైన అక్కడి సైకియాట్రిస్టు దయ. రెండు మూడు ఆసుపత్రుల మెట్లు ఎక్కి దిగేసరికి ఏడాది తిరిగిపోతుంది. విసుగొచ్చి టాపిక్ మార్చేస్తారు. అప్పుడు పుట్టేదే మేం ముద్దుగా "గూగుల్ ఫారం పీహెచ్‌డీ" అనుకునేది. మూడు వందల మంది బీటెక్ పిల్లలకు వాట్సాప్‌లో లింకు పంపి, స్ట్రెస్‌కీ నిద్రకీ సంబంధం ఉందని తేల్చడం. సంబంధం ఉందని మా అమ్మకు కూడా తెలుసు.

అంతమాత్రాన నిమ్హాన్స్ ఒక్కటే గొప్ప, మిగతావి దండగ అనను. మీ ప్రశ్న స్కూలు పిల్లల మీదో, ఐటీ ఉద్యోగుల మీదో, అపార్ట్‌మెంట్లలో ఒంటరిగా ఉంటున్న పెద్దవాళ్ల మీదో అయితే ఆసుపత్రి గోడలు మీకు అడ్డమే. అలాంటప్పుడు యూనివర్సిటీ విభాగమే మేలు. పాఠాలు చెప్పే అలవాటు అక్కడ వస్తుంది, స్టాటిస్టిక్స్ చెప్పేవాళ్లు పక్క గదిలో ఉంటారు. నిమ్హాన్స్ సీటు దొరకడం కూడా మాటలు కాదు. ఎంట్రన్స్ దాటాక ఇంటర్వ్యూలో మీ పరిశోధన ప్రశ్నను నలుగురు నాలుగు వైపుల నుంచి లాగుతారు. "మెంటల్ హెల్త్ మీద ఏదైనా చేద్దామని" వెళ్లినవాళ్లు తిరిగి వచ్చేస్తారు.

నియమాలు మాత్రం ఎక్కడైనా ఇంచుమించు ఒకటే, 2022 యూజీసీ నిబంధనలు. పీజీలో 55 శాతం ఉండాలి, రిజర్వేషన్ వర్గాలకు 5 శాతం సడలింపు. కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. ఆపైన రెండేళ్లు పొడిగించవచ్చు, ఆడవాళ్లకు ఇంకో రెండేళ్లు. మెటర్నిటీ సెలవు 240 రోజుల దాకా ఉంది. ఇది ఇంట్లో అత్తగారికి కూడా చదివి వినిపించండి. దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో చేసిన పీహెచ్‌డీ చెల్లదు. "ఇంట్లో కూర్చుని ఏడాదిలో డాక్టరేట్" అనే మెసేజ్ వస్తే నంబర్ బ్లాక్ చేయండి.

గైడ్ అనే గ్రహం

ఇది అన్నిటికంటే పెద్ద విషయం. ఎవరూ ముందే ఆలోచించరు, నేనూ ఆలోచించలేదు. ఆసుపత్రిలో ఉద్యోగం చేసుకుంటూ పార్ట్‌టైంలో చేరాను. చేరిన రెండో ఏడాదికి మా గైడ్ వేరే రాష్ట్రానికి వెళ్లిపోయారు. యూనివర్సిటీ కొత్త గైడ్‌ని ఇచ్చింది, కానీ ఆయనది ఆర్గనైజేషనల్ బిహేవియర్, అంటే ఆఫీసుల్లో ఉద్యోగుల తీరు. స్కిజోఫ్రీనియా ఉన్న పిల్లల్ని చూసుకునే తల్లుల మీద నా పని. మొదటి మీటింగ్‌లోనే "ఇదెందుకమ్మా, ఉద్యోగుల స్ట్రెస్ మీద చేసెయ్, త్వరగా అయిపోతుంది" అన్నారు. ఆయన మంచివారే, నా మేలుకోరే చెప్పారు. ఒప్పించడానికి, మళ్లీ డాక్టోరల్ కమిటీ ముందు పెట్టడానికి ఏడాది పోయింది.

అందుకని చేరకముందే కొంచెం డిటెక్టివ్ పని చేయండి. యూజీసీ లెక్క ప్రకారం ప్రొఫెసర్ దగ్గర ఒకేసారి ఎనిమిది మంది, అసోసియేట్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ దగ్గర నలుగురే స్కాలర్లు ఉండాలి. రిటైర్మెంట్‌కి మూడేళ్ల లోపు ఉన్నవాళ్లు కొత్తవాళ్లను తీసుకోకూడదు. ఈ రెండూ మొహమాటపడకుండా అడగండి. తర్వాత శోధ్‌గంగ తెరవండి. మన దేశంలో థీసిస్‌లన్నీ పెట్టే ఆన్‌లైన్ భాండాగారం అది. గైడ్ పేరు కొట్టి ఆయన దగ్గర ఎంతమంది పూర్తిచేశారో, ఏ టాపిక్‌లపై చేశారో చూడండి. పది థీసిస్‌లూ ఒకే అచ్చులో పోసినట్టు ఉంటే మీది పదకొండోది అవుతుంది. వాళ్లలో ఒకరిని పట్టుకుని టీ ఇప్పించండి. ప్రొఫైల్ పేజీలో లేని సంగతులన్నీ రెండో గుక్కకి బయటికొస్తాయి. డ్రాఫ్ట్ పంపితే ఎన్ని రోజులకు తిరిగొస్తుంది, పేపర్లో మొదటి పేరు ఎవరిది, గైడ్ గారి పిల్లల ట్యూషన్ ఎవరు చెబుతున్నారు, ఇవన్నీ.

పెద్ద పేరున్న చోట పట్టించుకోని గైడ్, ఓ మోస్తరు చోట పట్టించుకునే గైడ్. ఈ రెండింటిలో ఎంచుకోమంటే నేను రెండోదే అంటాను. మా సీనియర్లు కొందరు ఒప్పుకోరు. "వైవా అయ్యాక గైడ్ ఎవరూ అడగరు, యూనివర్సిటీ అడుగుతారు" అంటారు. నిజమే. కానీ వైవా దాకా వెళ్లాలి కదా.

డబ్బు సంగతి

ఫుల్‌టైం అయితే జేఆర్‌ఎఫ్, అంటే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్, ఉందా లేదా అన్నదే తేడా. యూజీసీ నెట్‌లో జేఆర్‌ఎఫ్ వస్తే 2023 జనవరి నుంచి అమల్లో ఉన్న లెక్క ప్రకారం మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000, పైన ఇంటద్దె భత్యం. షేరింగ్ రూంలో ఉంటూ, స్విగ్గీ జోలికి పోకుండా ఉంటే బెంగళూరులో నెగ్గుకురావచ్చు, ఇంటికి కొంచెం పంపొచ్చు కూడా. 2024 జూన్ నుంచి నెట్ ఫలితాల్లో "పీహెచ్‌డీ ప్రవేశానికి మాత్రమే" అనే మూడో కేటగిరీ కూడా పెట్టారు. అది సీటుకు పనికొస్తుంది, డబ్బు రాదు. ఆ స్కోరు ఏడాదే చెల్లుతుంది, ప్రవేశంలో దానికి 70 శాతం, ఇంటర్వ్యూకి 30 శాతం వెయిటేజీ.

ఫెలోషిప్ లేకుండా ప్రైవేటులో ఫుల్‌టైం చేయడం, ఇంట్లో వాళ్ల మీద భారం పడకపోతే తప్ప, నేను వద్దంటాను. ఫీజు అడిగేటప్పుడు ఏడాది ఫీజు ఒక్కటే అడగకండి. కోర్స్‌వర్క్ ఫీజు, థీసిస్ సబ్మిషన్ ఫీజు, గడువు దాటితే ఎక్స్‌టెన్షన్ ఫీజు కలిపి మొత్తం ఎంతో కాగితం మీద రాయించుకోండి.

లైసెన్సు ఉన్నవాళ్లకు పార్ట్‌టైం మంచి దారి. యూజీసీ ఒప్పుకుంటుంది, మీ ఆసుపత్రి నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) కావాలి. జీతం ఆగదు, పేషెంట్లు మీ దగ్గరే ఉంటారు. ఖర్చయ్యేది ఆదివారాలు. నేను ఆరేళ్ల ఆదివారాలు పెట్టాను.

విదేశం వెళ్దామా?

ఇది వేరే లెక్క, క్లుప్తంగా చెప్తాను. అమెరికాలో క్లినికల్ సైకాలజీ పీహెచ్‌డీలోనే ప్రాక్టీసు ట్రైనింగ్ ఉంటుంది. ఏడాది ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదు నుంచి ఏడేళ్లు. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ (ఏపీఏ) గుర్తింపు ఉందా అన్నది చూడాలి, చివర రాష్ట్రం లైసెన్సు, దానికోసం ఈపీపీపీ అనే పరీక్ష. పీహెచ్‌డీకి చాలాచోట్ల ఫీజు మాఫీ, స్టైపెండ్ ఉంటాయి. సై.డి.కి ఎక్కువగా సొంత జేబే. బ్రిటన్‌లో ప్రాక్టీసు కోసం చేసేది మూడేళ్ల క్లినికల్ డాక్టరేట్, అక్కడి పీహెచ్‌డీ మన దగ్గరలాగే పరిశోధనకే. అక్కడి ప్రభుత్వం డబ్బిచ్చే సీట్లు మనలాంటివాళ్లకు దాదాపు అందవు. తిరిగి వచ్చి ఇక్కడ ప్రాక్టీస్ చేయాలంటే మళ్లీ ఆర్‌సీఐ గుమ్మమే తొక్కాలి. అక్కడే స్థిరపడాలనుకుంటే వెళ్లండి. మూడేళ్లు చేసి వచ్చేద్దాం అనుకుంటే ఇక్కడే నయం.

తెలుగులో చేసేవాళ్లకు ఒక మాట

బెంగళూరులో ఉండి తెలుగువాళ్ల మీద పరిశోధన చేయొచ్చా అని అడుగుతారు. చేయాలి. రాయలసీమ నుంచి రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి ఇక్కడి ఓపీడీ లైన్లో నిలబడేవాళ్లు మనవాళ్లే. కానీ మనం వాడే స్కేళ్లు, అంటే మనసు తీరును కొలిచే ప్రశ్నావళులు, ఎక్కువగా ఇంగ్లిష్‌లో పుట్టినవి. ఐక్యూకి ఇంకా చేతిలో పట్టుకునే బినే కామత్ కూడా 1930ల్లో కన్నడ, మరాఠీ పిల్లల కోసం తయారైంది. కాబట్టి తెలుగు పని తీసుకుంటే మీకు అనువాదం అనే అదనపు ఏడాది ఉంటుంది. ఒకరు తెలుగులోకి మార్చాలి, ఇంగ్లిష్ మూలం చూడని ఇంకొకరు తిరిగి ఇంగ్లిష్‌లోకి మార్చాలి, తేడాలు సరిచూడాలి, కొద్దిమంది మీద పెట్టి చూడాలి.

నా స్కేలును చక్కటి గ్రాంథికం వచ్చిన మాస్టారు అనువదించారు. "మీరు తరచుగా విచారంగా ఉంటున్నారా?" అని వచ్చింది. కదిరి దగ్గర పల్లె నుంచి వచ్చిన ఒకావిడను అడిగాను. "విచారించినాం మేడమ్, కౌంటర్ కాడ. రేపు రమ్మన్నారు" అంది. ఆ రోజు సాయంత్రం కూర్చుని "విచారం" ఉన్నచోటల్లా కొట్టేసి "దిగులు" అని రాశాను. మరునాడు అదే ప్రశ్న ఇంకొకావిడను అడిగితే నలభై నిమిషాలు మాట్లాడింది.

ఇలా ఒక మాట మార్చినా స్కేలు హక్కులున్నవాళ్ల అనుమతి కావాలి. మీరు మెయిల్ మాత్రం రిజిస్ట్రేషన్ అయిన వారంలోనే పెట్టేయండి. నాకు జవాబు రావడానికి నాలుగు నెలలు పట్టింది.